మునక్కాడ విరిచినట్టు

మా మనవరాలు నర్సు. హాలండులో ఆసుపత్రి ఉద్యోగం రావాలంటే అక్కడి భాషలో పరీక్ష నెగ్గాలి. మొదటిసారి పైకి చదవడంలో తప్పింది. ఆ భాషలో మాటకు మాట అతికించి బారెడు చేస్తారు. మా పిల్ల తప్పుచోట ఊపిరి తీసుకునేసరికి వినేవాళ్లకు అర్థం కాలేదట. ఇక ఒక్క అవకాశమే మిగిలింది. ఈసారి తప్పనివ్వకూడదని పట్టుబట్టాను.

నా చదువు మూడో తరగతి. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. రుఆబాంధాలో, ఉక్కు ప్లాంటు కాలనీలో, మా ఇంటి గుమ్మంలో నేను మునక్కాడలు విరుస్తుంటే అది పక్కన కూర్చుని చదివేది.

"జీకెన్‌హౌస్. అంటే ఆసుపత్రి, నానమ్మా. జీక్ అంటే జబ్బు, హౌస్ అంటే ఇల్లు. మధ్యలో ఈ 'ఎన్' ఎందుకో, అక్కడే ఆగిపోతాను."

"మన ఇల్లుపేరేటి?"

"ఇల్లుపేరు కాదు, ఇంటిపేరు." అని ఆగింది. "అరే."

"మరా 'టి' ఎక్కడిదే? అతుకు నిలవాలంటే ఉండాల. అది ముందరి ముక్కకే అంటుకుంటాది. అది దాటేక విరువు."

ఆ ఊపులో మర్నాడు 'వల్‌కౌల్' అన్న మాటను నేనే విరిచాను. వల్క్ అంటే డేగ, ఔల్ అంటే గుడ్లగూబ అని అంతకుముందు అదే చెప్పింది.

"డేగా గుడ్లగూబా ఒక గూట్లో కాపరమేటే?"

అది పడీపడీ నవ్వింది. "వల్ అంటే పడ్డం, కౌల్ అంటే గొయ్యి. తెలీక పడిపోయే గొయ్యి. అందులోనే పడ్డావు నువ్వు."

చెవి ఒక్కటే చాలదని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచీ ముక్కముక్కకూ తెలుగులో అర్థం చెప్పాలి, కాడ విరవాలి, తర్వాతే మాటంతా ఒక్క ఊపిరిలో అనాలి. తప్పితే ఇంకో కాడ. విరిచినవన్నీ పులుసులోకే.

"రోజూ ఇదేనేటమ్మా?" అన్నాడు ప్లాంటు డ్యూటీ నుంచి వచ్చిన మా అబ్బాయి.

"పరీక్షయ్యేదాకా ఇదే. తిను."

పరీక్ష నుంచి వచ్చి అది చెప్పులైనా విప్పలేదు.

"ఎప్పుడూ చూడని మాటొచ్చింది, నానమ్మా. రైలుబండంత."

"ఏటి చేసేవు?"

"ఖాళీ చేతుల్తోనే విరిచేను. పరీక్ష పెట్టినావిడ నా చేతులకేసే చూసింది."

చదవడంలో నెగ్గిందని కబురొచ్చిన రోజు మా అబ్బాయి కంచం ముందు కూర్చుని, "ఇంకా పులుసేనా?" అన్నాడు.

"మాట్లాడే పరీక్షుంది," అని గరిటెడు వడ్డించాను.