డాబా మీద ఎండబెట్టిన గిటార్

28 ఏప్రిల్ 2012, శనివారం. హాజరైనవారు: నేను, మా అమ్మాయి స్వర్ణ, కోదాడలో గిటార్ నేర్పే ప్రభాకర్ మాస్టారు, మధ్యాహ్నం నుంచి మా ఆవిడ కమలమ్మ. ఎండ: దారుణం.

ఆనాటి డైరీలో ఇంతే ఉంది. మిగతా పేజీ ఖాళీ. పేజీ నింపకుండా నిద్రపోని మనిషిని, ఆ పూట రెండు ముక్కలతో కలం మూశానంటే ఎంత ఘనకార్యం చేసి ఉంటానో మీరే ఊహించండి. ఊహించినా అందదు కనుక చెబుతాను.

నేను ధాన్యం నాణ్యత చూసే ఉద్యోగం చేసి, ఆ ఏడాదే రిటైరయ్యాను. గింజను పంటి కింద వేసి కటుక్కుమనిపిస్తే చాలు, తేమ ఎంతుందో చెప్పేవాణ్ణి. మిర్యాలగూడ మిల్లుల దగ్గర నేను నోరు కదిపితే లారీలు కదిలేవి. ఇప్పుడు కదపడానికి నోరుంది గానీ లారీలు లేవు. అటువంటి సమయంలో మా అమ్మాయి గిటార్ కొనాలనుకుంది.

స్వర్ణ కోదాడలో ఫిజిక్స్ లెక్చరర్. కాలేజీ రోజుల నుంచీ ఒక చవక గిటార్ మీద బ్లూస్, రాక్ వాయించేది. బ్లూస్ అంటే ఏమిటని అడిగితే, "బాధ చెప్పుకునే పాట నాన్నా, కాకపోతే కాలు ఊపుకుంట చెప్పుకుంటరు" అంది. ఆదివారం ఉదయం సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో ఆమె మొదటిసారి స్టేజీ ఎక్కబోతోంది. దాని కోసమే జీతంలో దాచుకుని ఖరీదైన గిటార్ తీసుకుంటోంది. ధర మా ఆవిడకు ఇప్పటికీ తెలియదు కనుక ఇక్కడా రాయను.

"నువ్వు రాకున్నా అయితది నాన్నా" అంది ఫోన్లో. నాణ్యత చూసేవాడు లేకుండా సరుకు కొంటారా? శనివారం తెల్లవారుజాము బస్సెక్కి నేను కోదాడలో దిగాను.

ప్రభాకర్ మాస్టారు హైదరాబాదు నుంచి మంచి గిటార్లు తెప్పించి అమ్ముతాడు. కూలర్ తిరుగుతున్న గదిలో మూడు గిటార్లు మంచం మీద పరిచాడు. ఎర్రది కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది. రాక్‌కు అది పులి అన్నాడు మాస్టారు. తెల్లది సన్నని గొంతుది, బ్లూస్‌కు బాగుంటుందన్నాడు. మూడోది గోధుమరంగుది, అంచుల్లో రంగు కొంచెం లేచిపోయింది, రెంటికీ పనికొస్తుందన్నాడు.

నేను పని మొదలుపెట్టాను. ఒక్కోటీ ఎత్తి బరువు చూశాను, వేలితో కొట్టి చూశాను, వాసన చూశాను. గీత లేదు, మచ్చ లేదు, ఎర్రది ఫస్ట్ క్లాస్ అని తీర్పిచ్చాను.

స్వర్ణ నా తీర్పు వినలేదు. ఒక్కో గిటార్‌నూ స్పీకర్ పెట్టెకు తగిలించి, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా వాయించింది. ఒక తీగను వేలితో పైకి వంచి, ఆ స్వరం ఎంతసేపు నిలుస్తుందో కళ్ళు మూసుకుని విన్నది. ఎర్రది మూడో పాటకే భుజం నొప్పి పుట్టిస్తుందంది. తెల్లది గట్టిగా వాయిస్తే పలచబడుతోందంది. గోధుమరంగు దాని మెడ పట్టుకోగానే మాత్రం ఆమె మొహం మారిపోయింది.

"ఇది ఏడుస్తున్నది నాన్నా. ఇదే కావాలె."

"ఏడ్చేదాన్ని పైసలిచ్చి కొంటరా బిడ్డా? పైగా రంగు లేచింది."

"నువ్వు జర బయట కూసో నాన్నా."

నేను కూర్చోలేదు. గిటార్ చెక్కను చెంపకు ఆనించి చూశాను. చల్లగా తగిలింది. నా వృత్తి నరాలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. తేమ! నిర్ధారణ కోసం నోరు దగ్గరికి తీసుకెళ్ళాను. ప్రభాకర్ మాస్టారు చటుక్కున గిటార్ లాక్కున్నాడు.

"సార్, ఇది కొరికి చూసేది కాదండి."

కూలర్ ముందు పెట్టిన చెక్క చల్లగా కాక వేడిగా ఉంటుందా అని ఆయన అడగాల్సింది. అడగలేదు. నేనూ ఆలోచించలేదు. స్వర్ణ ఆ గోధుమరంగుదే కొన్నది, నేను మనసులో ఒక కార్యక్రమం వేసుకున్నాను.

మధ్యాహ్నానికి మిర్యాలగూడ ఇంటికి చేరాం. స్వర్ణ అన్నం తిని పడుకుంది. నేను గిటార్ తీసుకుని డాబా ఎక్కాను. టార్పాలిన్ పట్టా పరిచాను. దాని మీద గిటార్ పడుకోబెట్టాను. ధాన్యాన్ని కాలితో తిరగేస్తాం, ఇది ఖరీదైన సరుకు కనుక చేతులతో తిరగేశాను. చూశారా, ఎంత మర్యాద చేశానో!

బట్టలు తీయడానికి వచ్చిన కమలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందయ్యా ఇది?"

"తడి ఆరబెడుతున్న."

"నీకు గానీ ఎండ దెబ్బ తగిలిందా?"

సాయంత్రం స్వర్ణ డాబా మీదికి వచ్చేసరికి గిటార్ చేతికి అంటుకునేంత వేడిగా ఉంది. మెడ విల్లులా వంగింది. తీగలు ఎంత పైకి లేచాయంటే, వాటి కింద నుంచి ఎలుక తల వంచకుండా నడిచి వెళ్ళొచ్చు. ఆమె తీగను నొక్కి చూసింది. అది చెక్క దాకా దిగలేదు. నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుని టార్పాలిన్ మీద కూర్చుండిపోయింది. అరిచినా బాగుండేది.

ప్రభాకర్ మాస్టారికి నేనే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి చెప్పాను. ఆయన కూలర్ ఆపి, మళ్ళీ చెప్పమన్నాడు. తర్వాత, మెడ లోపల ఒక కమ్మీ ఉంటుందనీ, నీడన చల్లారాక వారం పాటు కొంచెం కొంచెం బిగిస్తే దారికొస్తుందనీ చెప్పాడు. "రేపటికి మాత్రం వేళ్ళతో నొక్కి వాయించలేరండి" అన్నాడు.

ఆ మాటకు స్వర్ణ తలెత్తింది. "వేళ్ళతోనే కదా సార్ వాయించలేంది?" అని ఫోన్లోకి అడిగి, నా వైపు తిరిగింది.

"నాన్నా, నీ ఇనుప గొట్టం ఏడుంది?"

బస్తాలో గుచ్చి గింజలు బయటికి తీసే గొట్టం అది, మొన వైపు ఒక పక్క తెరిచి ఉంటుంది. నా సొంతం. రిటైరయ్యాక నూనె రాసి, గుడ్డలో చుట్టి, ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించేవాణ్ణి. బ్లూస్‌లో ఒక పాత పద్ధతి ఉందట. తీగను నొక్కకుండా, వేలికి గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చి వాయిస్తారట. దానికి తీగలు పైకి లేచి ఉంటేనే మేలట.

నేను రంపం తెచ్చాను. పిడి వైపు చుట్టూ మూసి ఉన్న ముక్కను కోశాను. అరం పెట్టి అంచులు నున్నగా రుద్దాను. నా ఉద్యోగంలో అంత నాణ్యమైన పని ఏనాడూ చేయలేదు. అది ఆమె చిటికెన వేలికి కొలిచి చేసినట్టు సరిపోయింది. ఆమె తీగలన్నీ కొత్తగా శృతి చేసుకుని, పాటలు మార్చుకుని, అన్నం చల్లారిపోయేదాకా సాధన చేసింది.

మర్నాడు ఉదయం సూర్యాపేటలో హాలు నిండింది. స్వర్ణ స్టేజీ మధ్యలో నిలబడి గొట్టాన్ని తీగ మీద పెట్టి మెల్లగా పైకి జార్చింది. గిటార్ ఏడ్చింది. అంత బాగా ఏడవడం నేనెప్పుడూ వినలేదు. నా పక్కన కమలమ్మ కాలు ఊపుతోంది. పాట అయ్యాక జనం లేచి నిలబడ్డారు. నేను అంతకుముందే లేచి నిలబడ్డాను, కూర్చోమని వెనకవాళ్ళు తిట్టినా వినలేదు.

అప్పుడు స్వర్ణ మైకు అందుకుని, "ఈ గిటార్‌ను మా నాన్న ప్రత్యేకంగా తయారుచేసిండు" అంది. అంతే అంది, ఎలాగో చెప్పలేదు.

బయటికొచ్చాక, వేరే బ్యాండ్‌లో వాయించే ఒక గడ్డపాయన తన గిటార్ పెట్టె భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆ చెక్కకు అంత గొంతు ఎట్లా తెచ్చారని చాలా వినయంగా అడిగాడు. దాచడం నాకు చేతకాదు. ఎండబెట్టానన్నాను.

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

"ఎంతసేపు సార్? మధ్యలో తిరగెయ్యాల్నా?"

ఆ హాలు గేటు దగ్గరే, నడినెత్తికెక్కుతున్న సూర్యుడి సాక్షిగా, మా ఆవిడ సమక్షంలో ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో వడ్లు, మిరపకాయలు, అప్పడాలు తప్ప మరి దేన్నీ ఎండలో పెట్టను.

అప్పడాలు కూడా వద్దంది కమలమ్మ.