పన్నెండు ఫ్రేములు, పదిహేడు మంది

2023 ఫిబ్రవరి. కెనడాలోని కాల్గరీ డౌన్‌టౌన్‌కి దక్షిణంగా, సీట్రెయిన్ అనే సిటీ రైలు స్టేషన్ నుంచి రెండు వీధులు నడిస్తే వచ్చే ఒక చిన్న షాపులో పనిచేస్తున్నాను. పాత ఫిల్మ్ కెమెరాలు కొని, బాగుచేసి, మళ్ళీ అమ్మే షాపు అది. మాది తెనాలి. మావారి ఉద్యోగం వల్ల ఈ ఊరు వచ్చి, ఖాళీగా కూర్చోలేక కౌంటర్ పనికి చేరాను. మా యజమాని గ్రెగ్ దగ్గర మెల్లగా రిపేరు కూడా నేర్చుకున్నాను. అప్పటికి పదకొండేళ్లు గడిచాయి.

ఆ ఏడాది ఊరి నిండా మన పిల్లలే. ట్రెయిన్‌లో తెలుగు వినపడని రోజు ఉండేది కాదు. గ్రోసరీ స్టోర్‌లో ఒక పార్ట్‌టైమ్ ఉద్యోగం ఖాళీ ఉందని తెలిస్తే చాలు, రెజ్యూమెలు పట్టుకుని తలుపు బయటిదాకా నిలబడేవాళ్లు. వాళ్లలో మా షాపుకి వచ్చేవాళ్లు అరుదు. వచ్చినా వర్క్ పర్మిట్ కాగితాల కోసం ఫోటో దిగడానికే.

హారిక మాత్రం భుజాన కెమెరా బ్యాగుతో వచ్చింది. ఇరవై మూడేళ్లు ఉంటాయి. జగిత్యాల అమ్మాయి. ఇక్కడ బిజినెస్ డిప్లొమా చదువుతూ, ఒక స్టోర్‌లోని బేకరీలో ఉదయం షిఫ్టు చేస్తోంది. నా పేరు పట్టీ మీద వసంత అని చదివి, "ఆంటీ, మీరు తెలుగేనా?" అని అడిగి, బ్యాగు తెరిచి కౌంటర్ మీద పెట్టింది.

లోపల ఉన్నది చూసి గ్రెగ్ కూడా లేచి వచ్చాడు. డెబ్బైల నాటి మీడియం ఫార్మాట్ కెమెరా. మామూలు రీలు కంటే బాగా వెడల్పైన ఫిల్ము వేసుకునే కెమెరాలను అలా అంటారు. రీలుకి పన్నెండు ఫోటోలే వస్తాయి కానీ, ఒక్కొక్క నెగటివ్ అరచేతిలో సగం ఉంటుంది. తలుపంత ప్రింటు వేసినా అందులో మనిషి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు.

ఆ కెమెరా హారికది కాదు, ఒల్గా అనే ఆవిడది. బేకరీలో ఉదయం షిఫ్టుకి ఆవిడే పెద్ద. అరవై దాటిన మనిషి. హారిక రెండు నెలలు ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, ఇక అద్దె ఎలా కట్టాలో తెలియని స్థితిలో ఉన్నప్పుడు, రెజ్యూమె కూడా చూడకుండా పిండి పిసకడం వచ్చా అని అడిగి ఆప్రాన్ చేతికిచ్చింది. వస్తుందని హారిక అబద్ధం చెప్పింది. ఆ అబద్ధం ఒల్గాకి మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. అయినా పక్కన నిలబెట్టుకుని నేర్పింది.

ఇప్పుడు ఆ స్టోర్ వాళ్లు బేకరీలో పిండి కలపడం మానేసి, ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైన గడ్డకట్టిన రొట్టెలు తెప్పించుకుని వేడిచేయాలని నిర్ణయించారు. ఒల్గా రిటైర్ అవుతోంది. మిగతావాళ్లను తలా ఒక బ్రాంచికి పంపేస్తున్నారు. అందరూ కలిసి పనిచేసే చివరి రోజు మార్చి రెండో శనివారం. చనిపోయిన భర్త కెమెరాని ఒల్గా హారికకి ఇచ్చి, ఆ రోజు మా అందరి ఫోటో దీనితో తియ్యి అని అడిగింది. హారిక ఊళ్లో వాళ్ల బాబాయి స్టూడియోలో సెలవుల్లో కూర్చునేదట. ఆ సంగతి ఎప్పుడో మాటల్లో చెప్తే ఆవిడ గుర్తుపెట్టుకుంది.

హారిక ఫోన్‌లోంచి ఒక లిస్టు చదివింది. ఏదో వెబ్‌సైట్‌లో చూసి రాసుకున్నది. కంటితో నేరుగా చూడటానికి ప్రిజం ఫైండర్, వైడ్ లెన్సు, ఫిల్టర్ల సెట్టు, పక్కన పట్టుకునే గ్రిప్, అల్యూమినియం పెట్టె, ఇంకో ఫిల్మ్ బ్యాక్. ఫిల్మ్ బ్యాక్ అంటే రీలుని పట్టుకునే డబ్బా. కెమెరా వెనక తగిలిస్తారు.

"ఇవన్నీ కావాల్నా ఆంటీ? కొన్ని తక్కువైతే ఫోటో ఖరాబ్ అయితదేమోనని భయమైతుంది."

షాపు మనిషిగా నేను అవునంటే అమ్మకం బాగానే జరిగేది. ఆ అమ్మాయి రెండో షిఫ్టు కూడా ఒప్పుకుని అయినా కొనేసేది. కానీ ముందు ఏదైనా రీలు తీశావా అని అడిగాను. తీసింది. బేకరీలోనే ఒకటి తీసి, కడిగించకుండా బ్యాగులో పెట్టుకుంది. అది తీసుకుని, రెండు రోజుల తర్వాత రమ్మన్నాను.

ఆ నెగటివ్‌లు కడిగి లైట్ టేబుల్ మీద పెట్టుకుని చూశాను. పన్నెండింటిలో ఒక్కటీ బాగాలేదు. హారిక వచ్చి చూసి, కోటు కూడా విప్పకుండా స్టూలు మీద కూలబడిపోయింది. తన వల్ల కాదని, కెమెరా ఒల్గాకి తిరిగి ఇచ్చేస్తానని అంది.

"ఇవి చెడిపోయిన ఫోటోలు కాదమ్మా," అన్నాను. "నీకేం కావాలో ఇవే చెప్తున్నాయి. నీ లిస్టు పక్కన పెట్టి, ఒక్కొక్కటీ చూడు."

ప్రతి ఫ్రేమూ ఒక అంచున పొగ పట్టినట్టు నల్లబడింది. నెగటివ్‌లో వెలుతురు తగిలిన చోటే నల్లబడుతుంది. అంటే ఫిల్మ్ బ్యాక్‌లో వెలుతురు చొరబడకుండా ఆపే సన్నటి పట్టీ పాతబడి పొడైపోయింది. దానికి కొత్త బ్యాక్ అక్కర్లేదు, పట్టీ మారిస్తే చాలు. కిటికీ వైపు తీసిన వాటిలో బొమ్మంతా మసక తెర కప్పినట్టు ఉంది. లెన్సు మీద పక్క వెలుతురు పడకుండా కాసే హుడ్ లేదు. ఫిల్టర్లు వేస్తే అది ఇంకా పెరుగుతుంది. చాలా వాటిలో ముఖాలు వెలుతురు చాలక సరిగ్గా పడలేదు. హారిక ఫోన్‌లోని యాప్‌తో వెలుతురు కొలిచింది. తెల్ల ఆప్రాన్లు, స్టీలు బల్లలు, గాలిలో పిండి, అంత తెలుపు చూసి వెలుతురు ఎక్కువుందనుకుని యాప్ మోసపోయింది. అలాంటి చోట లైట్ మీటర్ కావాలి. దాని మీద తెల్లటి చిన్న గుమ్మటం ఉంటుంది. మనిషి ముఖం దగ్గర పెట్టి కెమెరా వైపు తిప్పితే, ఆ ముఖం మీద ఎంత వెలుతురు పడుతోందో చెప్తుంది. ఎదురుగా ఉన్నది తెలుపో నలుపో దానికి పట్టదు.

నాలుగు ఫ్రేములు కదిలిపోయి ఉన్నాయి. అవి చేతిలో పట్టుకుని తీసినవి. మూడుకాళ్ల స్టాండు, మీట మీద వేలు పెట్టకుండా దూరంగా నొక్కే కేబుల్ రిలీజ్ ఉంటే ఆ సమస్య పోతుంది. స్టాండు మీద ఉన్న కెమెరాకి గ్రిప్ ఎందుకు? ప్రిజం ఫైండర్ కూడా అక్కర్లేదన్నాను. కెమెరాతో వచ్చిన ఫైండర్‌లో పైనుంచి కిందకి చూడాలి, బొమ్మ కుడి ఎడమలు మారి కనిపిస్తుంది, మొదట చికాకే. కానీ రెండు కళ్లతో తీరిగ్గా చూస్తాం, తలెత్తితే ఎదుట మనుషులు ఉంటారు, వాళ్లతో మాట్లాడుతూ తీయవచ్చు. బేకరీ గది ఎన్ని అడుగులో కొలుచుకు రమ్మంటే మర్నాడు ఫోన్ చేసి చెప్పింది. వైడ్ లెన్సు అక్కర్లేదు, ఉన్న లెన్సుతోనే అందరూ రెండు వరుసల్లో హాయిగా పడతారు.

అలా లిస్టంతా పోయి హుడ్, మీటర్, కేబుల్ రిలీజ్ మిగిలాయి. మూడూ వాడినవే ఇచ్చాను. స్టాండు గ్రెగ్ అరువిచ్చాడు. పట్టీ నేనే మార్చాను. హారిక రెండో రీలు తీసి తెచ్చింది. అంచులు శుభ్రంగా, ముఖాలు స్పష్టంగా వచ్చాయి. నా పని అయిపోయిందని సంతోషపడ్డాను.

చివరి రోజుకి ముందు మంగళవారం మధ్యాహ్నం హారిక మళ్ళీ వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసింది ఏదో జరిగిందని. పదహారు మందిని ఎలా నిలబెట్టాలో ఒల్గాతో మాట్లాడుతుంటే ఆవిడ లెక్క సరిచేసిందట. పదహారు కాదు, పదిహేడు. నువ్వు లేని ఫోటో నాకు వద్దు అందట.

ఆ కెమెరాలో సెల్ఫ్ టైమర్ లేదు. నేను తేలిగ్గా తీసుకుని, ఆ రోజు వచ్చి మీట నొక్కుతాలే అన్నాను. హారిక తల అడ్డంగా ఊపింది.

"బయటోళ్లని కౌంటర్ లోపలికి రానియ్యరు ఆంటీ. ఒకవేళ రానిచ్చినా..." అని ఆగింది. "ఏమనుకోకండి. మీరు నొక్కితే అది మీరు తీసిన ఫోటో అయితది. ఆమె నన్ను తియ్యమంది."

నాకు కొంచెం చివుక్కుమంది. ఆ తర్వాత సిగ్గేసింది. ఇన్ని రోజులు నెగటివ్‌లు చూసి, లెన్సు చూసి, గది కొలతలు అడిగాను. ఆ ఫోటోలో ఆమె ఉంటుందా అని ఒక్కసారి అడగలేదు.

ఎయిర్ రిలీజ్ అని ఒక పాత వస్తువు ఉంటుంది. పొడవాటి సన్నని రబ్బరు గొట్టం, ఒక చివర నొక్కే రబ్బరు బుడ్డి, రెండో చివర లోపల సూది కదిలే చిన్న పిడి. పిడిని కెమెరాకి బిగించి బుడ్డి నొక్కితే గాలి వెళ్లి, సూది మీటని తోస్తుంది. అలాంటివి కొనేవాళ్లు లేక ఎప్పుడో తెప్పించడం మానేశాం. నేలమాళిగలో విడిభాగాల డబ్బాలు వెతికితే ఒకటి దొరికింది. బుడ్డి మాత్రం ఎండి చీలిపోయింది.

హారిక దాన్ని చేతిలో తిప్పి చూసి, పసిపిల్లల ముక్కు శుభ్రం చేసే రబ్బరు బుడ్డి ఇలాగే ఉంటుంది కదా అంది. వాళ్ల అక్క కొడుక్కి వాడేవాళ్లట. పక్కనే మందుల షాపు. పది నిమిషాల్లో తెచ్చింది. దాని మూతి కోసి గొట్టానికి ఎక్కించి బిగించి కట్టాను. నొక్కితే సూది కదిలింది కానీ ఆ పాత మీటని తోసేంత బలం లేదు. మళ్ళీ నొక్కాం, మళ్ళీ అంతే. అప్పటిదాకా దూరం నుంచి చూస్తున్న గ్రెగ్ వచ్చి, గొట్టం పొడవు ఎక్కువైతే గాలి దారిలోనే నలిగిపోతుందని, తగ్గించమని అన్నాడు. ఇరవై అడుగుల గొట్టాన్ని పన్నెండుకి కోశాను. ఈసారి హారిక బుడ్డిని నేల మీద పెట్టి బూటుతో తొక్కింది. షట్టరు టక్కున పడింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఇరవై సార్లు తొక్కించాను. ఇరవై సార్లూ పడింది.

శనివారం నేను షాపులోనే ఉన్నాను. గడియారం చూడకుండా ఉండటానికి ఒక పాత లెన్సు విప్పుకుని కూర్చున్నాను. సాయంత్రం నాలుగింటికి హారిక వచ్చింది, జుట్టుకి ఇంకా పిండి అంటుకునే ఉంది. రీలు నా చేతిలో పెట్టి జరిగింది చెప్పింది.

గొట్టం పన్నెండడుగులే కాబట్టి తన చోటు ముందు వరుసలో ఒక చివర అని తేల్చుకుంది. అక్కడ స్టూలు మీద పిండి బస్తా నిలబెట్టి, దాని మీద టోపీ పెట్టి ఫోకస్ చేసిందట. తర్వాత బస్తా తీసేసి తను నిలబడింది. ఫోటో తీసిన ప్రతిసారీ వెళ్లి ఫిల్ము తిప్పి, మళ్ళీ పరుగున వచ్చి నిలబడాలి. మొదటి రెండు మూడు సార్లు అందరూ బిగుసుకుని నిలబడ్డారు. నాలుగోసారి పరుగులో కాలు జారబోతే పక్కనున్న పంజాబీ కుర్రాడు పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. అక్కడినుంచి ఎవరూ కెమెరాని పట్టించుకోలేదట.

రీలు కడుగుతున్నంతసేపూ డార్క్‌రూమ్ తలుపు బయట ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తడి నెగటివ్‌ని లైటు ముందు పట్టుకున్నాను. పన్నెండు ఫ్రేముల్లో పన్నెండూ వచ్చాయి. తలుపు తెరిచి లోపలికి రమ్మన్నాను. తొమ్మిదో ఫ్రేము మీద భూతద్దం పెట్టి చూడమన్నాను. ఒల్గా నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. పక్కన ఇథియోపియా నుంచి వచ్చిన ఒకావిడ ఒల్గా భుజం మీద చెయ్యి వేసింది. చివర హారిక, ఒక కాలు కొంచెం ముందుకు. పదిహేడు మందిలో ఒక్కరి కళ్లూ మూసుకోలేదు.

"నేనే తీసిన," అంది హారిక, ఎవరితోనో కాదు, తనతో తనే. "నేనే తీసిన, నేనే ఉన్న."

పెద్ద ప్రింటు గ్రెగ్ స్వయంగా వేశాడు. తీసుకోవడానికి ఒల్గా కూడా వచ్చింది. మంచి కోటు వేసుకుని, లిప్‌స్టిక్ పెట్టుకుని వచ్చింది. ప్రింటు ముందు నిలబడి తనని తాను చూసుకోలేదు. పై వరుస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరూ చెప్పింది, ఎవరు ఏ రొట్టె బాగా చేస్తారో కూడా చెప్పింది. చివరికి హారిక దగ్గరికి వచ్చి, ఈ అమ్మాయికి ఇప్పటికీ పిండి పిసకడం సరిగ్గా రాదు, కానీ ఫోటో మా ఆయన కంటే బాగా తీస్తుంది అంది. హారిక ఆవిడని కరుచుకుని చాలాసేపు వదల్లేదు. కెమెరా తిరిగి ఇవ్వబోతే ఒల్గా తీసుకోలేదు.

ఆ ప్రింటు రెండు వారాలు మా షాపు కిటికీలో పెట్టుకోవడానికి ఒల్గా ఒప్పుకుంది. చూసినవాళ్లు లోపలికి వచ్చి ఏ లెన్సుతో తీశారని అడిగేవాళ్లు. నేను లెన్సు పేరు చెప్పి, ఆ పిండి బస్తా సంగతీ చెప్పేదాన్ని.

ఏ వస్తువు ఏ లోపాన్ని సరిచేస్తుందో పదకొండేళ్లలో బాగానే నేర్చుకున్నాను. నెగటివ్ చూసి చెప్పగలను. కానీ ఆ మంగళవారం నా దగ్గర లేనిది వస్తువు కాదు, ఒక ప్రశ్న. ఇప్పుడు ఎవరు కెమెరా తెచ్చి ఏం కొనాలని అడిగినా, ముందు కుర్చీ చూపించి కూర్చోబెడతాను. మీరు తీయాలనుకుంటున్న ఫోటో ఏది, అందులో ఎవరెవరు ఉంటారు, మీరు ఎక్కడ నిలబడతారు అని అడుగుతాను. చాలామంది వెంటనే చెప్పలేరు. వాళ్లు ఆలోచించుకునేదాకా కౌంటర్ కింద అరలు తెరవను.