అమ్మ చీరలకి రసీదు

మా చిన్నప్పుడు... అటక మీది సామాను వాకిట్లోకి దిగిందంటే ఉగాది దగ్గరికొచ్చినట్టే. తిరువూరులో మా వీధి వీధంతా సున్నాలు వేసే హడావిడిలో ఉండేది. చిల్లుపడ్డ గంగాళాలు, కాళ్లు ఊగే మంచాలు, ఎలకలు కొట్టిన బొంతలు... అన్నీ ఎండలో కూర్చునేవి.

ఆ ఏడు మాత్రం మా వాకిట్లో అమ్మ చీరలు కూడా ఉన్నాయి.

నాకప్పుడు పదేళ్లు. అమ్మకి గుండె జబ్బు. ఆపరేషను కోసం మద్రాసు తీసుకెళ్లి అప్పటికి రెండు నెలలు. మావయ్య అక్కడే ఉండి చూసుకుంటున్నాడు. నాన్నకి ఇక్కడ నూనె మిల్లు... అందుకని వెళ్తూ వస్తూ ఉండేవాడు.

బెజవాడ నుంచి వచ్చిన ఆడిటరు గారు మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ ఒక మాట అన్నాడు. మార్చి నెలాఖరులోపు ఏదైనా ధర్మసంస్థకి ఇచ్చి రసీదు తీసుకుంటే పన్నులో కొంత తగ్గుతుందట. ఏమివ్వాలో ఆయన సరిగ్గా చెప్పలేదో, నాన్న సరిగ్గా వినలేదో... మర్నాటి నుంచే ఇల్లు ఖాళీ చేయడం మొదలైంది.

జాబితా రాసింది నేనే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాన్నకి మహా గొప్ప. ఇత్తడి బిందెలు, భోషాణం, దుప్పట్లు... హుషారుగా రాసుకుంటూ పోయాను. చివర్లో నాన్న బీరువా తెరిచి, చీరల దొంతర రెండు చేతులతో ఎత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చీరలు... పదకొండు. రాయి" అన్నాడు.

రాశాను. ఎందుకని అడగలేదు. అడగని ఆ పదేళ్ల పిల్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాయనమ్మ ఆ రోజు పెనుగొలనులో మా అత్త వాళ్లింటికి వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి సామాను బండి ఎప్పుడో వెళ్లిపోయింది. ఖాళీ బీరువా చూసి గుండెలు బాదుకుంది.

"బతికున్న మనిషి చీరలు ఎవరన్నా దానం చేస్తార్రా? పోయినోళ్లవి కదరా ఇచ్చేది!"

"రసీదు కోసమమ్మా..." అని గొణిగి నాన్న మిల్లుకి వెళ్లిపోయాడు.

మా వీధిలో ఎవరైనా పోతే, దినం అయ్యాక వాళ్ల బట్టలు మూటగట్టి ఇచ్చేయడం నేను చూసినదాన్నే. అంటే అమ్మ పోయింది, నాకు చెప్పడం లేదు. లేదా... నేను ఆ జాబితా రాసినందుకు ఇప్పుడు పోతుంది. పదేళ్ల బుర్రకి మూడో దారి తోచలేదు. అన్నం సయించలేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే, చీరలు వెనక్కి అడగడానికి బయల్దేరిన నాయనమ్మ చెయ్యి పట్టుకుని బస్సెక్కాను. ఎ.కొండూరు దాటాక రోడ్డు పక్కన చిన్న ఆశ్రమం. దిక్కులేని ఆడవాళ్లు, పిల్లలు ఉండేవాళ్లు. మా సామాను అక్కడికే వెళ్లింది.

లోపలికి అడుగు పెట్టగానే చేతిపంపు దగ్గర అమ్మ కనబడింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, వీపు మీద జడ... "అమ్మా!" అని అరుచుకుంటూ పరిగెత్తి నడుం పట్టుకున్నాను.

ఆవిడ తిరిగింది. ఎవరో... చంకలో పిల్లాడు.

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. నాయనమ్మ సంగతంతా చెప్పి, దణ్ణం పెట్టి, "ఇచ్చింది వెనక్కి అడగడం పాపమే తల్లీ. కానీ నా కోడలు బతికుంది. ఈ అపశకునం నేను మొయ్యలేను" అంది.

చీరలన్నీ అప్పటికే పంచేశారు. ఎవరి ఒంటి మీద నుంచి విప్పమంటాం? ఆ ఆకుపచ్చ చీర ఆవిడ పేరు సుబ్బులు. నా ముక్కు తన కొంగుతోనే తుడిచింది.

"పెళ్లికెళ్లాలంటే పక్కింటి చీర అరువు తెచ్చుకోమాండీ? ఇవీ అంతే అనుకోండి. అందరికీ నేను చెప్తాను. దానం కాదు, అరువు. అమ్మగారు ఇంటికొచ్చారని కబురు పెట్టండి, ఈ చీర ఉతికి తెచ్చిస్తాను."

నాయనమ్మ ఆవిడ చేతులు కళ్లకద్దుకుంది. తిరుగు బస్సులో నేను ఒక్కటే లెక్క వేసుకున్నాను... అరువిచ్చిన మనిషి తీసుకోవడానికి రావాలి కదా, కాబట్టి అమ్మ వస్తుంది.

ఆడిటరు గారు రసీదు చూసి నవ్వాడట. డబ్బిస్తేనే లెక్కలోకి వస్తుంది, వస్తువులు పనికిరావన్నాడు.

అమ్మ ఆషాఢంలో ఇంటికొచ్చింది. సగమైపోయింది, కానీ వచ్చింది. సుబ్బులు మాట తప్పలేదు. అమ్మ ఆ చీర వారం రోజులు కట్టుకుని, తర్వాత సుబ్బులుని పిలిపించి, బొట్టు పెట్టి తన చేత్తో ఇచ్చింది. మిగతావి వాళ్లనే ఉంచుకోమంది.

అదంతా తర్వాత సంగతి. వచ్చిన రోజు ఖాళీ బీరువా తెరిచి చూసింది. నాన్న వైపు తిరిగి ఒక్కటే అడిగింది...

"నేను రాననుకున్నారా అండీ?"

మిల్లులో కేక వేస్తే వీధి చివరికి వినబడే మా నాన్న... గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చాలా ఏళ్లకి నాకు చెప్పాడు. మార్చిలో మద్రాసు వెళ్లినప్పుడు డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడట. "ఆ బీరువా తలుపు తియ్యాలంటే భయమేసేదే... పన్ను ఒక వంక" అన్నాడు.

ఇప్పుడు ఫోనులో ఒక నొక్కు నొక్కితే పాత బట్టలు తీసుకెళ్లడానికి మనిషి గుమ్మంలోకి వస్తున్నాడు. మంచిదే... అల్మరా ఖాళీ అవుతుంది, మనసు తేలికవుతుందంటారు. నేను మాత్రం ఇంట్లో మనిషి బతికుండగా వాళ్లని అడక్కుండా చిరిగిన రుమాలు కూడా ఇవ్వను. మీ ఇంట్లో అలా తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాని బీరువా ఉందా? చెప్పండి... వింటాను.