ముక్కుకి బట్టల క్లిప్పు

రెండేళ్ళ కిందట పోలీసు ఉద్యోగానికి పెట్టిన పరుగు పరీక్షలో పదకొండు సెకన్ల తేడాతో తప్పాను. కాళ్ళు బాగానే ఉన్నాయి, మూడో రౌండులో ఊపిరే అందలేదు. ఈసారిదే ఆఖరు. మళ్ళీ నోటిఫికేషన్ పడేసరికి నాకు వయసు దాటిపోతుంది. ఆ సంగతి డైరీలో రాసుకున్నానే గానీ ఇంట్లో చెప్పలేదు. చెబితే వాళ్ళూ నాతోపాటు రోజులు లెక్కపెడతారు.

కాళ్ళకి చేయించినట్టే ఊపిరి లాగే కండరాలకీ కసరత్తు చేయించొచ్చని, నూజివీడులో మాకు పరుగు నేర్పే మాస్టారు ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం తెప్పించి ఇచ్చారు. లోపల స్ప్రింగు. నోట్లో పెట్టుకుని గట్టిగా పీలిస్తేనే గాలి వస్తుంది. పొద్దున ముప్పై సార్లు, సాయంత్రం ముప్పై సార్లు. వారానికోసారి స్ప్రింగు కాస్త బిగించాలి. ముక్కుతో దొంగగా పీల్చకుండా క్లిప్పు పెట్టుకోవాలి. దాంతోపాటు వచ్చింది విరిగిపోతే దండెం మీది బట్టల క్లిప్పు పెట్టుకున్నాను.

మొదటిరోజు వరండాలో చేస్తుంటే అమ్మ వంటింట్లోంచి, మోటారు గాలి లాగుతోందేంటి, బోరులో నీళ్ళైపోయాయా అంది. పక్కింటి పిన్ని నవ్వింది. నాకా నవ్వు చాలు. మర్నాటి నుంచి మా మామిడి తోటలో మోటారు షెడ్డు వెనక్కి వెళ్ళి చేసుకున్నాను. అక్కడ ఎంత చప్పుడైనా మోటారుదే అనుకుంటారు.

నెలయ్యేసరికి మూడో రౌండులో కూడా మాట్లాడగలిగాను. ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాశాను. తర్వాత దగ్గు పట్టుకుంది. ఛాతీలో గీరుతున్నట్టుండేది. అది రాయడానికి చెయ్యి రాలేదు. పరీక్ష ఇంకా పదిహేను రోజులే. కసరత్తు చాలడం లేదనుకుని స్ప్రింగు ఇంకా బిగించాను. ముప్పైని యాభై చేశాను. లాగిన కొద్దీ దగ్గు. ఏడిస్తే ఉన్న ఊపిరీ పోతుందని ఏడుపు కూడా మింగేశాను.

అప్పుడు మామిడి పూత మీదుంది. నాన్న రోజూ తెల్లవారగానే వరసల వారీగా, పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకి మందు కొడుతున్నారు. ఒక పొద్దున స్ప్రేయరు చప్పుడు ఆగింది. తలెత్తితే ఎదురుగా నాన్న, మూతికి తువ్వాలు చుట్టుకుని.

"ముక్కుకి అదేంటమ్మా?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. క్లిప్పు ఆయనే తీసేశారు. మందు వాసన గుప్పుమంది. అందరూ తువ్వాలు అడ్డం పెట్టుకుని దాటే గాలిని నేను వారం రోజులుగా ముక్కు మూసుకుని, స్ప్రింగు బిగించి మరీ లోపలికి లాక్కున్నాను.

పరీక్ష అయ్యేదాకా నాన్న మందు ఆపేశారు. పురుగు ఆగుతుందా? ఆకులు జిగటపడి, ఆ తర్వాత నల్లగా మసి పట్టాయి. పూత రాలడం మొదలైంది. వేరే చోట చేసుకుంటాను, కొట్టండి నాన్నా అని బతిమాలాను. గాలి ఇంటి దాకా రాదా ఏంటి అన్నారు.

"చెట్టుకి వచ్చే ఏడు మళ్ళీ పూతొస్తుందిలే."

నాకు రాదని అప్పుడూ చెప్పలేకపోయాను.

పరీక్షలో చివరి రౌండు దాకా ఊపిరి నిలిచింది. ముగింపు గీత కనిపిస్తుండగా దగ్గొచ్చింది.

బస్సు దిగి వచ్చేసరికి నాన్న తోట గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఎంతలో పోయిందని అడిగారు.

"మూడు సెకన్లు."

"అప్పుడు పదకొండు కదా. పైసారికి అందుతుంది." గేటు తీస్తూ, "రేపట్నుంచి మందు కొడతాను. నువ్వు ఆ గొట్టం తీసుకుని రోడ్డు మీదకెళ్ళి చేసుకో. నవ్వితే నవ్వనీ" అన్నారు.

పైసారి లేదని ఇప్పటికీ చెప్పలేదు. పొద్దున్నే రెడ్డిగూడెం బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరి ముందూ క్లిప్పు పెట్టుకుని ముప్పై సార్లు లాగుతున్నాను.