అత్తయ్యకు నేను పెట్టిన పత్యం

మా అత్తయ్య గుండెలోకి డాక్టరు వేలు పెట్టాడు. మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే పెట్టాడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం వల్ల ఆవిడ గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందట. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. మద్రాసులో ఒక ఆసుపత్రిలో ఎడమ పక్క కోసి, కొట్టుకుంటున్న గుండెలోకి వేలు పోనిచ్చి, ఆ బిగిసినదాన్ని వెడల్పు చేశారు. అరవైల్లో మా నూజివీడు చుట్టుపక్కల ఇలాంటి సంగతి ఎవరూ విని ఉండరు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆవిడ ఎలా ఉందని అడక్కుండా, ముందు ఆ వేలు సంగతే అడిగేవారు.

మాది నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్లే దారిలో ఒక ఊరు. మూడెకరాల మామిడితోట ఉండేది. కాపు కాలంలో మావయ్య తోటలోనే పాక వేసుకుని ఉండేవారు, భోజనానికి మాత్రం ఇంటికి వచ్చేవారు. మా ఆయన మైలవరంలో ఒక ఆఫీసులో గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి సోమవారం పొద్దున బస్సుకి వెళ్లిపోయేవారు. ఇంట్లో మిగిలేది అత్తయ్య, నేను, రెండేళ్లు నిండని నా కూతురు.

ఉగాది వెళ్లిన వారానికి అత్తయ్యను మద్రాసు నుంచి తీసుకొచ్చారు. ఆ మర్నాడే మా ఆయన వంటింట్లోకి వచ్చి, డాక్టరు రాసిచ్చిన కాగితం చేతిలో పట్టుకుని నాకు పాఠం చెప్పారు.

"ఇదిగో, జాగ్రత్తగా విను. ఆపరేషన్‌కి ముందు ఉప్పు వద్దన్నారు కదా, ఇప్పుడు అలా కాదు. అమ్మకి ప్రెజర్ పడిపోతోందంట. నీళ్లు బాగా తాగించాలి. మజ్జిగలో ఉప్పేసి రోజుకి నాలుగైదు సార్లు ఇవ్వాలి. లేచేటప్పుడు గభాల్న లేవకూడదు. పక్కకి తిరిగి, కాళ్లు కిందకి వేసి కాసేపు కూర్చుని, అప్పుడు నిలబడాలి."

"ప్రెజర్ పడిపోతే మంచిదేగా? ఎక్కువైతేనేగా మా పెదనాన్నకి పక్షవాతం వచ్చింది?" అన్నాను.

"డాక్టరుకంటే నీకెక్కువ తెలుసా?" అని కసిరి కాగితం నా చేతిలో పెట్టారు. దాన్ని మడిచి పోపులపెట్టె కింద పెట్టాను.

నాకు అర్థం కాలేదని ఇప్పుడు ఎవరికైనా చెప్పుకోవచ్చు. చదువు తక్కువ, వయసు ఇరవై రెండు, నమ్ముతారు కూడా. కానీ ప్రతి మాటా అర్థమైంది. అర్థమయ్యాకే, చెయ్యకూడదని అనుకున్నాను.

దానికి కారణం చెప్పాలంటే అంతకు రెండేళ్ల ముందు సంగతి చెప్పాలి. నాకు అమ్మ లేదు. అందుకని మొదటి కాన్పు పుట్టింట్లో కాకుండా అత్తగారింట్లోనే జరిగింది. మే నెల. పురిటిగది పెంకులు కాలిపోతున్నాయి. ఆ రోజుల్లో మా వైపు బాలింతని నీళ్లు తాగనిచ్చేవారు కాదు. పచ్చి ఒంటికి నీళ్లు ఎక్కువైతే నీరు పడుతుందనీ, పుండు చీము పడుతుందనీ గట్టి నమ్మకం. కాచి చల్లార్చిన నీళ్లు ఒక బుల్లి కంచు గ్లాసుతో పూటకి ఒక్కసారి ఇచ్చేది అత్తయ్య. వెల్లుల్లి కారం కలిపిన అన్నం తిని నాలుక పిడచకట్టుకుపోయి, "అత్తయ్యా, ఇంకొక్క గుక్క" అని ఏడ్చాను. "పచ్చి ఒళ్లు తల్లీ, పనికిరాదు" అని గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. నాలుగో రోజు, చెయ్యి కడుక్కోవడానికి పెట్టిన చెంబులో నీళ్లు ఎత్తి తాగబోయాను. ఆవిడ చూసింది. నా చేతిలోంచి చెంబు తీసుకుని, గదిలోనే మూల తూములో వంపేసింది. ఆ నీళ్లు పోతున్న చప్పుడు నేను మర్చిపోలేదు.

ఆవిడ చెడ్డది కాదు. నా కూతుర్ని కింద పెట్టకుండా పెంచింది. నాకు జ్వరం వస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసింది. అవన్నీ తెలుసు. తెలిసినా ఆ చెంబు ఒక్కటీ లోపల అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆవిడ మంచంలో ఉంది, నేను నిలబడి ఉన్నాను. అటక మీంచి ఆ కంచు గ్లాసు దింపి, చింతపండుతో తళతళా తోమాను.

మొదటిరోజు మధ్యాహ్నం చప్పిడి అన్నం తిన్నాక ఆవిడ, "కాసిని మంచినీళ్లు ఇవ్వమ్మాయ్" అంది. గ్లాసుతో ఇచ్చాను. ఒక్క గుక్కలో అయిపోయింది. ఖాళీ గ్లాసు పట్టుకుని నా వంక చూసింది.

"పచ్చి ఒళ్లు అత్తయ్యా, పనికిరాదు" అన్నాను.

ఆవిడ మాటలే ఆవిడకి అప్పజెప్పాను. గుర్తుపట్టి గొడవ పడుతుందనుకున్నాను, పడితే బాగుండుననుకున్నాను. ఆవిడ గుర్తుపట్టలేదు. "అవునవును, నిజమే" అని గ్లాసు ఇచ్చేసి పడుకుంది. మద్రాసు డాక్టరు అరవంలోనూ ఇంగ్లీషులోనూ చెప్పిన మాటలు ఆవిడకి తెలియవు. కొడుకు అన్నీ కోడలికి చెప్పాడు కదా అన్న ధీమా ఒక్కటే తెలుసు.

అలా నాలుగు వారాలు నడిపాను. ఉప్పు లేని అన్నం, ఉప్పు లేని చారు, పూటకి బుల్లి గ్లాసుడు నీళ్లు. మజ్జిగ అసలే లేదు. మెల్లిగా లేవాలన్న ముక్క మాత్రం చెప్పాను, ఎందుకంటే దానివల్ల నా కసికి వచ్చే నష్టమేమీ లేదు. ఆవిడ బుద్ధిగా పక్కకి తిరిగేది, కాళ్లు కిందకి వేసేది, కూర్చునేది. అయినా లేవగానే కళ్లు మూసుకుని మంచం కోడు పట్టుకునేది. పెదాలు ఎండి పొట్టు లేచాయి. "అంతా తిరుగుతున్నట్టుందే" అనేది. "గుండె కోసుకుని వచ్చారు, తిరగదా మరి?" అనేదాన్ని.

చుట్టుపక్కలవాళ్లు పరామర్శకి వస్తే ఆవిడ నన్ను చూపించి మురిసిపోయేది. "మా కోడలు పత్యం తప్పనివ్వదమ్మా. నా కూతురైనా ఇంత నిష్ఠగా చెయ్యదు." వాళ్లు నన్ను మెచ్చుకునేవారు. నేను తల వంచుకుంటే అది వినయం అనుకునేవారు. శనివారం మా ఆయన వంటింట్లోకి వచ్చి, "ఉప్పు మజ్జిగ ఇస్తున్నావా?" అంటే, "ఆఁ" అనేదాన్ని. నాలుగు శనివారాలు, నాలుగు ఆఁలు. సిగ్గు లేదా అంటే, ఉంది. కానీ మొదటి ఆఁ అన్నాక రెండోది అనకపోతే మొదటిది బయటపడుతుంది.

వైశాఖం వచ్చింది. రసాలు దిగాయి. మా ఇంట్లో వెనక గది మొత్తం వరిగడ్డి పరిచి కాయలు మాగేసేవాళ్లం. రోజూ గడ్డి తీసి, మెత్తబడ్డవి ఏరి, మిగిలినవి తిప్పి మళ్లీ కప్పాలి. ఆ పని ఎప్పుడూ అత్తయ్యదే. వేలితో నొక్కకుండా తొడిమ దగ్గర వాసన చూసి, ఇది రేపటికి, ఇది ఎల్లుండికి అని చెప్పేది. ఆ ఏడు నేను చేస్తుంటే గడ్డి మీద గడ్డి కుక్కుతున్నానని మంచంలోంచే గొణిగేది. ఒకరోజు పొద్దున పది గంటల వేళ నేను దొడ్లో పిల్లకి నీళ్లు పోస్తున్నాను. లోపల పెద్ద చప్పుడైంది.

వెళ్లి చూస్తే, కాయలు తిప్పడానికి లేచినట్టుంది, అత్తయ్య వెనక గదిలో గడ్డి మీద పడి ఉంది. గడప తగిలి నుదురు చిట్లింది. కింద పడి చితికిన పళ్ల రసం, రక్తం కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. "అత్తయ్యా, అత్తయ్యా" అని అరిచాను. కళ్లు తెరవలేదు. చచ్చిపోయిందనుకున్నాను. నేను చంపేశాను అనుకున్నాను. ఇంత స్పష్టంగా, ఈ మాటల్లోనే అనుకున్నాను.

నా అరుపులకి పక్కింటివాళ్లు వచ్చి మంచం మీదకి చేర్చారు. ఎవరో తోటకి పరిగెత్తి మావయ్యకి చెబితే, ఆయన నూజివీడు నుంచి డాక్టర్ని జట్కాలో తీసుకొచ్చారు. ఈలోగా అత్తయ్యకి తెలివి వచ్చింది, కానీ కళ్లు నిలబడటం లేదు. డాక్టరు పెద్దాయన. ఆవిడ జబ్బకి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, పాదరసం వంక చూస్తూ మొహం చిట్లించాడు. ఇంకోసారి చూశాడు.

"పైది ఎనభై కూడా లేదు. మద్రాసువాళ్లు కాగితం ఏమైనా ఇచ్చారా?"

అందరూ నా వంక చూశారు. నా కాళ్లతో నేనే వంటింట్లోకి నడిచి, పోపులపెట్టె కింద నుంచి ఆ కాగితం తీసి, నా చేతులతో నేనే ఆయనకి ఇచ్చాను. మడతల్లో పసుపు అంటుకుంది. ఆయన చదివి పైకి చూశాడు.

"ఉప్పు మజ్జిగ ఇవ్వమని, నీళ్లు బాగా తాగించమని ఇక్కడ స్పష్టంగా రాసి ఉంది. ఈ ఎండల్లో మరీను. ఈవిడ నాలుక చూస్తే నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో అన్నట్టుంది. ఎవరమ్మా చూసుకుంటున్నది? ఈ సంగతి ఈవిడకి ఎవరూ చెప్పలేదా?"

మావయ్య, "ఏంటమ్మాయ్ ఇది?" అన్నారు.

అత్తయ్య తల మెల్లిగా నా వైపు తిప్పింది. నుదుటి మీద గుడ్డ, దాని కింద ఆ కళ్లు. నాలుగు వారాలూ ఏం జరిగిందో ఆవిడకి ఆ క్షణంలో తెలిసింది. తెలియడం నేను చూశాను. డాక్టరు వైపు తిరిగింది.

"చెప్పిందండీ మా కోడలు. రోజూ చెబుతూనే ఉంది. నేనే మొండికేశాను, పచ్చి ఒళ్లని. దాని తప్పేం లేదండీ."

డాక్టరు ఆవిడనే నాలుగు చివాట్లు పెట్టాడు. మావయ్య కూడా పెట్టారు. కబురందుకుని సాయంత్రం బస్సు దిగి మా ఆయనా పెట్టారు. అందరి చివాట్లూ కళ్లు మూసుకుని పడింది. నేను పక్కనే నిలబడి విసనకర్రతో విసిరాను.

ఆ రోజు మధ్యాహ్నమే కుండ నిండా మజ్జిగ చిలికి, ఉప్పు వేసి, పెద్ద గ్లాసుతో పట్టుకెళ్లాను. ఆవిడ గటగటా తాగింది, గడ్డం మీంచి కారుతున్నా ఆగలేదు. నేను మంచం పక్కన కూలబడి ఏడ్చాను. ఆవిడ ఖాళీ గ్లాసు నాకిచ్చి, "కాయలు తిప్పావా?" అంది. అంతే. పది రోజుల్లో ఆవిడ మొహంలోకి రంగు వచ్చింది. నెల తిరిగేసరికి తనే వెనక గదిలో పీట వేసుకుని కూర్చుని, ఇది రేపటికి, ఇది ఎల్లుండికి అంటోంది. నేను ప్రతిరోజూ చెప్పాలనుకున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. కోపం వస్తే ఊరంతా వినేలా అరవగల నోరు నాది, దీనికి మాత్రం పెగల్లేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలోనే నాకు రెండో కాన్పు అయింది. మళ్లీ అదే గది, అవే పెంకులు. కాన్పైన రోజు మధ్యాహ్నం వెల్లుల్లి కారంతో అన్నం తిని, కంచు గ్లాసు కోసం చూస్తున్నాను. ఇంకొక్క గుక్క అని అడగకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను, నాకు తగిన శాస్తే అనుకున్నాను.

అత్తయ్య వచ్చింది. చేతిలో పెద్ద ఇత్తడి చెంబు, దాని మీద పెద్ద గ్లాసు. నా మంచం పక్కన నేల మీద కూర్చుని గ్లాసు నింపి ఇచ్చింది.

"తాగు. ఎన్నయితే అన్ని తాగు."

"పచ్చి ఒళ్లు కదా అత్తయ్యా" అన్నాను.

"ఒళ్లూ లేదు, పాడూ లేదు. నాకు మా అత్తగారు ఇవ్వలేదు, నీకు నేనివ్వలేదు. ఎంత దాహమేస్తుందో మర్చిపోయానే అమ్మాయ్. పోయినేడు మళ్లీ తెలిసింది." చీర కొంగు సర్దుకుంది. "ఆ రోజు నీ చేతిలో చెంబు లాక్కుని పారబోశాను కదా. తప్పైపోయింది."

అనాల్సిన మాట నాది. ఆవిడ అనేసింది. నేను గ్లాసు ఎత్తి తాగాను, ఇంకోటి తాగాను, ఇంకోటి తాగాను. నోరంతా తడిసింది. అప్పటికైనా చెప్పి ఉండాల్సింది. చెంబు అయిపోయింది.

"ఇంకా తేనా?" అంది.

తలూపాను. ఆవిడ నేల మీద పక్కకి తిరిగి, మంచం పట్టి మీద చెయ్యి ఆనించి, మోకాళ్ల మీద కాసేపు ఆగి, ఊపిరి తీసుకుని, డాక్టరు చెప్పినట్టే మెల్లిగా లేచి, నాకు నీళ్లు తేవడానికి వెళ్లింది.