సాయంత్రం రోగం

రామమూర్తి చెడ్డవాడేం కాదు. ఊళ్లో ఎవరి మాటైనా వింటాడు, పెళ్లాం మాట మాత్రం చెవిన పెట్టడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

ఏలూరు నుంచి రోజూ పాసింజరు బండిలో తాడేపల్లిగూడెం వెళ్లి, కాలేజీలో ల్యాబ్ అటెండరుగా పనిచేస్తాడు. భార్య ఉమాకుమారి గుండుగొలను పిల్ల. పొద్దున్న పూట నాలుగు పనులూ చకచకా చక్కబెట్టేది. పొద్దు వాలేసరికి రెప్పలు వాలిపోయేవి, మాట ముక్కులోంచి వచ్చేది, ముద్ద నమల్లేక కంచం ముందు అలాగే కూర్చునేది.

"చెయ్యి ఎత్తాలనే అనుకుంటానండీ. నేను చెప్పినా అది వినదు" అనేది.

"పొద్దున్న లేని రోగం సాయంత్రం ఎక్కణ్ణుంచి ఊడిపడిందే? వంట తప్పించుకోడానికి భలే నేర్చావు!" అనేవాడీయన.

ఒకరోజు చేతులు లేవక, దువ్వెన ఆయన ముందు పెట్టి జడ వెయ్యమంది. నవ్వి ఊరుకున్నాడు. మళ్లీ అడగలేదావిడ. నెల తిరక్కుండా ఊపిరి అందక ఆసుపత్రిలో చేరింది. అక్కడ రక్తపరీక్షలో జబ్బు పేరు తెలిసింది, మూడో రోజుకి మనిషి పోయింది. ఆ పరీక్ష రిపోర్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

రెండేళ్ల తర్వాత ల్యాబ్‌కి ఐసుపెట్టెలో ఓ చిన్న సీసా వచ్చింది. దాని మీద ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ అని ఉంది. రిపోర్టులో ఉన్న అక్షరాలే! జేబులోంచి తీసి సరిచూసుకున్నాడు.

"మందు వచ్చేసిందా అమ్మా?" అని రీసెర్చి చేసే పెర్సిస్‌ని అడిగాడు.

"మందు కాదండీ. ల్యాబ్‌లో వెతకడానికే. మెదడు పంపిన కబురు కండ ఎక్కడ అందుకుంటుందో ఇది అక్కడికెళ్లి అంటుకుని మెరుస్తుంది. ఆ చోటు మనకి కనబడుతుంది."

వారం తర్వాత పెర్సిసే పిలిచి మైక్రోస్కోపు చూపించింది. మొదటిది ఆరోగ్యంగా ఉన్న ఎలుక కండ, నిండా పచ్చగా మెరిసే చుక్కలు. రెండోది జబ్బు చేసిన ఎలుకది. అందులో ఒకటీ అరా, అవీ వెలవెలబోతూ.

"కబురు వస్తూనే ఉంటుందండీ, అందుకునేవే పెద్దగా మిగల్లేదు. విశ్రాంతి ఇస్తే కండ కాస్త పనిచేస్తుంది. అందుకే ఈ జబ్బున్నవాళ్లు పొద్దున్న బాగుంటారు, సాయంత్రానికి డీలాపడిపోతారు."

సాయంత్రానికి! నేను చెప్పినా అది వినదు అంటూ ఉమాకుమారి మొత్తుకున్నది ఈ ముక్కే కదా! ఆయన కన్ను అక్కడే ఉండిపోయింది.

"కనబడుతోందాండీ, రామమూర్తి గారూ?"

"కనబడుతోందమ్మా" అన్నాడు. "జడ వెయ్యమని అడిగిందమ్మా నన్ను. ఒక్కసారే అడిగింది."