సత్తిబాబు బాబాయ్ ‘ఆయ్’ అన్నాడు

ఒక్క వెటకారం ముక్కతో కాయలు కాసే కొబ్బరిచెట్లకి గుండు కొట్టించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. కొంచెం సర్దుకుని కూర్చోండి. ఇది నా పరువు పోయిన కథ. పైగా అది పట్టపగలు, కాలవగట్టు పక్కన, మా అమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని చూస్తుండగా పోయింది.

ముందు మా వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. కోనసీమలో మర్యాదకీ వెటకారానికీ మాటలు వేరే ఉండవు. “రండి రండి, మీరు రాకపోతే ఎలాగండీ” అంటే నిజంగానే రమ్మని కావచ్చు, ఇంతసేపూ ఎక్కడ తగలడ్డారని కావచ్చు. తేడా అంతా ఆ చివరి “అండీ”లో ఉంటుంది. మామూలుగా అంటే మర్యాద. దాన్ని ఇంకో అర అంగుళం సాగదీస్తే వెటకారం. ఈ అర అంగుళం విద్యలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఉదాహరణకి మా పిన్ని ఓసారి ఉప్మా పెట్టింది. “పిన్నిగారండీ, పెరటిగోడ పగుళ్ళిచ్చిందన్నారుగా, ఇది కాస్త దానికీ మిగల్చండీ” అన్నాను. ఆవిడ ఆ తర్వాత నాకు ఉప్మా పెట్టడం మానేసింది. దాంతోపాటు కాఫీ ఇవ్వడం కూడా మానేసింది. నేను మాత్రం గెలిచాననే అనుకున్నాను.

హైదరాబాద్‌లో ఉద్యోగం వెలగబెట్టిన నాలుగేళ్ళూ ఈ ప్రతిభంతా వృథా అయిపోయింది. ఒకరోజు మా మేనేజరుతో, “సార్, మీరు రోజుకి రెండు మీటింగులు పెట్టబట్టి సరిపోయింది కానీ, లేకపోతే మేం పని చేసేసే ప్రమాదం ఉందండీ” అన్నాను. ఆయన పొంగిపోయి నా భుజం తట్టి, మర్నాటి నుంచి మూడో మీటింగు పెట్టాడు. అర్థం చేసుకునే జనం మధ్య బతకాలని ఆ రోజే తీర్మానించుకున్నాను. ఉద్యోగం మానేసి, కొబ్బరితోట చూసుకుంటానని ఇంటికొచ్చేశాను. మా ఊరు మలికిపురం నుంచి ఆటోలో పావుగంట.

అప్పటికి నాన్న బండి మీంచి జారిపడి, కాలికి పిండికట్టుతో మంచం మీద ఉన్నారు. నా నిర్ణయం విని కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టారు.

“ఈ దింపు నువ్వు చేయించు. సవ్యంగా జరిగితే తోట నీ చేతికిస్తాను. లేదంటే కౌలుకిచ్చేస్తాను, నువ్వు మళ్ళీ హైదరాబాద్ బస్సెక్కు.”

దింపు అంటే తెలియనివాళ్ళకి చెప్తున్నాను. చెట్టెక్కి, ముదిరిన కాయలు మాత్రం కోసి దించడం. లేత బొండాలు, పిందెలు, పూత ముట్టుకోకూడదు, అవి తర్వాతి దింపులకి. అవి తెగితే మళ్ళీ చాన్నాళ్ళు ఆ చెట్టుకేసి చూడక్కర్లేదు. నాకు ఆ తోట నిజంగా కావాలి. మూడో మీటింగు తల్చుకుంటే మళ్ళీ ఆ బస్సెక్కాలనిపించేది కాదు.

దింపు ముందురోజు సాయంత్రం నాన్న పిలిచారు. “ఒరేయ్, రేపు ఆ కాలవ పక్కనున్న...” అని మొదలెట్టారు.

“చెప్పండి నాన్నా, చెప్పండి! కొబ్బరిచెట్ల మీద మీ ఉపన్యాసం వినకపోతే నాకు అన్నం సయించదండీ” అన్నాను.

నాన్న నాకేసి ఒక చూపు చూసి, టీవీ సౌండు పెంచుకున్నారు. ఇదీ గెలుపు ఖాతాలోనే వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సత్తిబాబు బాబాయ్ వచ్చాడు. వరసకి బాబాయ్ కాదు. నేను పుట్టకముందు నుంచీ మా చెట్లెక్కే మనిషి, చిన్నప్పట్నుంచీ అలా పిలవడం అలవాటు. ఆయన మాట్లాడేది తక్కువ. ఏం చెప్పినా “ఆయ్” అంటాడు. అంటే అలాగేనని. అవునని కూడా. విన్నానని కూడా.

తొమ్మిదింటికల్లా తోటలో చాలా వరకు అయిపోయింది. కాలవ పక్కనున్న నాలుగు చెట్లే మిగిలాయి. బాబాయ్ మొదటిదాని మీదకెక్కి, అక్కడే కూర్చుండిపోయాడు. ఒక్క కాయా పడదు. నాకేమో ఆకలి దంచేస్తోంది. మలికిపురం సెంటర్లో పెసరట్టు మనసులో తిరుగుతోంది.

మామూలుగా నేను ఆయన్ని “నువ్వు” అనే అంటాను. వెటకారం వస్తే మాత్రం “గారు” వచ్చేస్తుంది.

“సత్తిబాబు గారండీ! పైన కాపురం గానీ పెట్టేశారా అండీ?”

“లేదండి అబ్బాయిగారూ. చూస్తున్నానండి.”

“ఏం చూస్తున్నారండీ, పెళ్ళిచూపులా? ముదురు, లేత అని ఈ తేడాలెందుకండీ పాపం! అన్నీ దింపేయండి. బొండాలు, పిందెలు, పూత, ఏదీ వదలకండి. మట్టలు మాత్రం ఎందుకండీ, నీడకా? అవీ కొట్టేయండి. నాన్న ఎంత సంతోషిస్తారో!”

మట్టల్లోంచి తల బయటపెట్టి నాకేసి చూశాడు.

“ఆయ్” అన్నాడు బాబాయ్.

నేను నవ్వుకుంటూ బండెక్కి మలికిపురం వెళ్ళిపోయాను. పెసరట్టు బ్రహ్మాండంగా ఉంది. ఇంకోటి కూడా తిన్నాను. ఆ రెండోది తినకుండా ఉంటే ఒక చెట్టైనా దక్కేదని ఆ పూట ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

తిరిగొచ్చి చూద్దును కదా, కాలవ పక్కన ఆకాశం ఎక్కువగా కనిపిస్తోంది. రెండు చెట్లు అప్పనపల్లి బాలాజీ గుడికెళ్ళి మొక్కు తీర్చుకొచ్చినట్టు బోడి తలలతో నిలబడ్డాయి. కింద బొండాలు గుట్టగా పడున్నాయి. నిమ్మకాయంత పిందెలు కాళ్ళకింద దొర్లుతున్నాయి. పూత, మట్టలు, అన్నీ నేలమీదే. బాబాయ్ తీరిగ్గా తలపాగా సర్దుకుంటున్నాడు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. అలాంటప్పుడు బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? “అయ్యో, ఆపు” అంటాడు. మరి నేనేమన్నానో చూడండి.

“ఆహా! ఏం పనితనం అండీ, ఏం పనితనం! మరి ఆ మిగతా రెండూ ఏం పాపం చేశాయండీ? వాటికి మాత్రం ఎందుకండీ అన్యాయం?”

“ఆయ్, వాటికీ చేసేస్తానండి” అని బాబాయ్ కాళ్ళకి తాడు తగిలించుకుని మూడో చెట్టెక్కడం మొదలెట్టాడు.

“బాబాయ్! బాబాయ్! వద్దు!”

సగం చెట్టు మీద ఆగి కిందకి చూశాడు. “ఏటండీ?”

“వద్దంటున్నాను!”

“వద్దని అంటున్నారాండీ, వద్దని వెటకారంగా అంటున్నారాండీ?”

“నిజంగానే అంటున్నాను బాబాయ్! ఇందాకా అన్నదే వెటకారం!”

“ఇందాకా నిజంగానే అన్నారనుకున్నానండి. అదేమో వెటకారమంటున్నారు. మరి ఇప్పుడు నిజమంటున్నారు. నాకు తెలీడం లేదండి అబ్బాయిగారూ.”

“ఒట్టు బాబాయ్! అమ్మ మీద ఒట్టు!”

“అమ్మగారి మీద వెటకారంగా ఒట్టెయ్యకూడదండి, తప్పండి” అని మందలించి, పైకెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేనెంత అరిచినా, “గాలండీ, వినపడ్డం లేదండీ” అన్న మాట తప్ప ఇంకేం రాలేదు. ఆకు కదలడం లేదు. కాసేపటికి ఆ చెట్టుకి కదలడానికి ఆకులే మిగల్లేదు!

నాకప్పుడు భయమేసింది. నా నోట్లో ఇంతకాలం ఇన్ని మాటలున్నాయి కదా, నిజం చెప్పడానికి పనికొచ్చేది వాటిలో ఒక్కటీ మిగల్లేదు. అన్నిటినీ తిరగేసి వాడేశాను.

ఇంతలో అమ్మ మజ్జిగ పట్టుకుని వచ్చింది. పిందెల మీద గోనెపట్టా కప్పుతూ ఉన్నవాడిని, అలాగే దొరికిపోయాను.

“ఏం చేస్తున్నావురా?”

“అమ్మా, తోట నాశనం చేయించేశాను” అన్నాను ఏడుపుగొంతుతో.

అమ్మ పకపకా నవ్వింది. “నీకు పొద్దున లేస్తే ఈ వెటకారాలేనా! ఇదిగో తాగు” అని గ్లాసు చేతిలో పెట్టింది. తలెత్తి చెట్లకేసి చూసింది. ఏమీ అనకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ కూడా ఏమీ అనలేదంటే ఇక నా పని అయిపోయిందని అర్థం చేసుకున్నాను.

నాలుగో చెట్టు కూడా బోడి అయ్యాక, నాన్న మంచం దగ్గరికెళ్ళి నిలబడ్డాను. హైదరాబాద్ బస్సు కళ్ళ ముందు కనబడుతోంది. అందులో నా సీటు కూడా కనబడుతోంది.

“నాన్నా, కాలవ పక్క నాలుగు చెట్లూ పోయాయి. సత్తిబాబు బాబాయ్ తప్పేం లేదు. ఆకలేసి, తొందరపడి, అన్నీ కొట్టేయమని వెటకారంగా అన్నాను. ఆయన నిజమనుకున్నాడు. ఆపమని చెప్పే తెలివి కూడా సమయానికి రాలేదు. నాకు తోట ఇవ్వకండి, ఫర్వాలేదు. కానీ నాకది నిజంగా కావాలి నాన్నా. ఆ మాటొక్కటి నమ్మండి.”

చెప్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాన్న టీవీ కట్టేశారు. దిండుకి చేరబడి కూర్చున్నారు. తర్వాత వాకిట్లో చేతులు కడుక్కుంటున్న బాబాయ్‌ని పిలిచారు.

“ఏం సత్తిబాబూ, నాలుగూ శుభ్రం చేసేసేవా?”

“ఆయ్, చేసేసేనండి. సోమవారం మిషనోళ్ళు వస్తే కోసుకుపోవడమేనండి.”

నేను నాన్నకేసి తిరిగాను. “మిషనోళ్ళేంటి?”

“ఆ చెట్లు ముసలివైపోయి కరెంటు తీగల మీదకి వాలిపోయాయి కదరా” అన్నారు నాన్న. “కొట్టించేస్తున్నాను. కాయా పిందే మట్టా అన్నీ దించేసి బోడి చేసి ఉంచమని నిన్న మధ్యాహ్నమే సత్తిబాబుకి చెప్పాను.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్దామనే పిలిచాను. ఉపన్యాసం వినకపోతే అన్నం సయించదన్నావు. సర్లే, హాయిగా అన్నం తిననీ అని ఊరుకున్నాను.”

అమ్మ వంటింట్లో నవ్వడం వినిపించింది. అంటే ఆవిడకీ తెలుసన్నమాట. నేను బాబాయ్ వైపు తిరిగాను.

“బాబాయ్! మరి పొద్దున్న నేనన్నది వెటకారమని నీకు తెలుసా?”

“తెలుసండి. తీగలకి తగలకుండా ఎటు పడెయ్యాలా అని చూస్తుంటే అన్నారండి.”

“మరి పైన ఆ గాలీ, ఆ వినపడకపోవడం?”

బాబాయ్ మొహంలో ఒక్క గీత కదల్లేదు. “గాలుందండి అబ్బాయిగారూ. ఆయ్.”

నాన్నకి నవ్వాగలేదు. మంచం ఊగి, కట్టున్న కాలు కదిలి, “అబ్బా” అంటూనే నవ్వారు. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. చాలాకాలానికి, నన్ను నేను చూసుకుని నవ్వుకున్నాను. అదీ బాగానే ఉంటుందని అప్పుడే తెలిసింది. మా పిన్నికి ఉప్మా రోజున ఇలా ఎందుకు నవ్వు రాలేదో కూడా అప్పుడే తెలిసింది.

“తోట చూసుకో” అన్నారు నాన్న కళ్ళు తుడుచుకుంటూ. “ఇంతసేపు తిన్నగా మాట్లాడావంటే నీకు తోట మీద ఆశ నిజమేనన్నమాట.”

బాబాయ్ ఒక బొండం చెక్కి నా చేతిలో పెట్టాడు. “తాగండి అబ్బాయిగారూ. ఇందాకట్నుంచీ బాగా చెమటలు పట్టేసేయి” అన్నాడు. అంత తియ్యటి నీళ్ళు నేనెప్పుడూ తాగలేదు. సాయంత్రం ఒక గెల బొండాలు పట్టుకెళ్ళి పిన్ని గుమ్మంలో పెట్టి, ఉప్మా అడిగి మరీ తిన్నాను. బాగుంది. నిజంగానే అంటున్నాను.

ఇప్పుడు తోట నేనే చూసుకుంటున్నాను. మొన్న దింపు రోజున, మిగిలిన చెట్లన్నిటి సాక్షిగా, చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట నేలమీద నిలబడి చెట్టుమీది మనిషితో వెటకారమాడను. తప్పనిసరై ఆడాల్సివస్తే, ముందు “ఇది వెటకారమండీ” అని ప్రకటించి, ఎదుటివారి అనుమతి తీసుకుని, ఆ తర్వాతే ఆడతాను. ఇదే నా మాట.

“నమ్ముతున్నావా బాబాయ్?” అని తలెత్తి అడిగాను.

“ఆయ్” అన్నాడు పైనుంచి.

చెవులు రిక్కించి విన్నాను. అర అంగుళం కాదు కదా, వెంట్రుకవాసి కూడా సాగలేదు.